దయ్యాలగుట్టకు ఒక మార్కు

యెహెజ్కేలుకు కోపం రాదని దిల్‌సుఖ్‌నగర్‌లో అందరూ అనుకుంటారు. చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక గల్లీలో, ‘రెబెక్క కంప్యూటర్స్’ అని భార్య పేరు రాయించిన మడిగెలో కూర్చుని, ముప్పై ఏళ్లుగా ప్రింటర్లూ యూపీఎస్‌లూ బాగు చేస్తున్న మనిషి. హాస్టల్ పిల్లలు ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలకబోసి తెచ్చి, మేమేం చేయలేదంకుల్, దానంతటదే పోయింది అని బొంకినా, కీల సందుల్లోంచి చక్కెర తుడుస్తూ తలూపుతాడు తప్ప మాట అనడు.

కోపం రాకపోవడం కాదు. వచ్చిన కోపం పోదు. విప్పిన మరల్ని సైజుల వారీగా పచ్చడి సీసాల్లో దాచినట్టు దాచుకుంటాడు. ఏ మర ఏ సీసాలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అన్నిట్లోకీ పాత సీసా పట్టాభిది. ముప్పై ఆరేళ్ల నాటిది.

అప్పుడు యెహెజ్కేలుకు ఇరవై రెండు. చిట్యాల అవతల పల్లె నుంచి పాలిటెక్నిక్‌కు వచ్చి, రెండో ఏడు మధ్యలో వదిలేశాడు. ఎందుకు వదిలేశావంటే ఇప్పటికీ సరైన జవాబు చెప్పడు. కూర్చోబుద్ధి కాలేదు, అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో రామమోహనరావు అనే ఆయన కొత్తగా కంప్యూటర్ శిక్షణ కేంద్రం పెట్టాడు. అందులో ల్యాబ్ అటెండరుగా చేరాడు. ల్యాబ్ అంటే ఎనిమిది కంప్యూటర్లు. ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. కీబోర్డే కంప్యూటరు. దానికి ఒక పక్క టీవీ, ఇంకో పక్క టేపు రికార్డరు. ప్రోగ్రామంతా పాటల కేసెట్టులోంచి కీచుమంటూ ఎక్కాలి, ఆరేడు నిమిషాలు. మధ్యలో ఫ్యాను వేస్తే మళ్లీ మొదటికి. మొత్తం కలిపి దాని మెదడెంతంటే, ఇప్పటి ఫోనులో వచ్చే ఒక్క గుడ్‌మార్నింగ్ బొమ్మలో పదో వంతు కూడా పట్టదు.

ఆ గదికి ఏసీ ఉండేది. చెప్పులతో లోపలికి పోకూడదు. ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. దుమ్ముకు కంప్యూటర్ చెడుతుందని గుమ్మం బయట చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో, చర్చిలోకి పోయినట్టు పోవాలి. యెహెజ్కేలుకు ఇది కొత్త కాదు. వాళ్ల ఊళ్లో చర్చి ఊడ్చేది, ఆదివారం బయట చెప్పుల్ని వరసగా సర్దేది వాళ్ల నాయనే. పొద్దున గది ఊడ్చి, కంప్యూటర్లకు గలేబులు తీసి, సాయంత్రం మళ్లీ కప్పడం పని. మధ్యాహ్నం క్లాసుల్లేని వేళ, కంప్యూటర్లతో వచ్చిన పుస్తకాలు ముందేసుకుని, ఎవరూ నేర్పకుండా ప్రోగ్రాములు రాయడం నేర్చాడు. పదకొండు నెలలు కూర్చుని ఒక ఆట రాశాడు. చదువులో కూర్చోనివాడు దీని ముందు కూర్చున్నాడు.

ఆట పేరు ‘దయ్యాలగుట్ట’. బొమ్మలుండవు, మాటలే. తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. నువ్వెక్కడున్నావో అది చెప్తుంది, ఏం చేయాలో నువ్వు టైపు చేయాలి. దీపం తీసుకో, తూర్పుకు పో, ఇట్లా. మొత్తం నలభై రెండు గదులు. మాట్లాడే పాము, ఏడుపు వినిపించే బావి, తన నీడనే అమ్ముకునే రాజు, ఇవన్నీ లోపల. కానీ మొట్టమొదట ఒక తలుపు. తెర మీద ఇట్లా వస్తుంది:

‘గుట్ట కింద రాతి తలుపు. గడప ముంగట తొమ్మిది జతల చెప్పులున్నయి. ఏం చేస్తవు?’

చెప్పులు విడువు అని టైపు చేయాలి. చేస్తే తెరుచుకుంటుంది. ఇంకేం చేసినా ఒకటే జవాబు: ‘తలుపు నీ కాళ్ల దిక్కు సూస్తున్నది.’

రామమోహనరావు ఆడి చూసి మెచ్చుకున్నాడు. చెప్పుల సంగతి ఆయనకు యెహెజ్కేలే చెప్పాడు, అది వేరే విషయం. నలభై కేసెట్లు కాపీ చేయించాడు, లేబుళ్లు అంటించాడు. ఆట పేరు నాలుగు ఊళ్లకు పాకితే నిన్ను అటెండరు నుంచి ఇన్‌స్ట్రక్టర్‌ను చేస్తానన్నాడు. ఒక కేసెట్టు ‘యంత్రదీపిక’ అనే మాసపత్రికకు పంపాడు. తెలుగులో కంప్యూటర్ల గురించి రాసేది అప్పట్లో అదొక్కటే. అందులో కొత్త ప్రోగ్రాములకు మార్కులు వేసేది పట్టాభి. ముప్పై ఎనిమిదేళ్లవాడు, తెనాలి వైపు మనిషి, కలం పదును. ఆయన మెచ్చుకుంటే సరుకు కదులుతుందని, తిడితే చదవడానికి సరదాగా ఉంటుందని పేరు.

సమీక్ష మే నెల సంచికలో వచ్చింది. యెహెజ్కేలుకు అది అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

‘దయ్యాలగుట్టలో దయ్యాలూ లేవు, గుట్టా లేదు. ఒక తలుపు ఉంది, అది తెరుచుకోదు. మన కాళ్ళకేసి చూస్తుందట! కర్తకు ప్రోగ్రామింగూ రాదు, తెలుగూ రాదు. ఇది గొడ్లచావిడిలో మాట్లాడుకునే తెలుగు. పదికి ఒక మార్కు. ఆ ఒక్కటీ కేసెట్టుకు. చెరిపేసి పాటలు రికార్డు చేసుకోవచ్చు.’

రామమోహనరావు దాన్ని క్లాసులో పైకి చదివాడు. పిల్లలు నవ్వారు. అంతటితో ఆగినా బాగుండేది. కేసెట్లు వృథా ఎందుకని, వాటి మీద స్పోకెన్ ఇంగ్లీషు పాఠాలు ఎక్కించమన్నాడు. ఎక్కించింది యెహెజ్కేలే. రికార్డు మీట నొక్కి, అరగంట ఆగి, కేసెట్టు తిప్పి, మళ్లీ నొక్కి. రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది కేసెట్లు తన వేలితో తానే చెరిపాడు. మిగిలిన ఒక్కదాని మీద ‘క్రిస్మస్ పాటలు’ అని కాగితం అంటించి సంచిలో వేసుకున్నాడు.

మూడో రోజు నారాయణగూడలో యంత్రదీపిక ఆఫీసుకు పోయాడు. ఒక్క మాట చెప్పాలనుకున్నాడు: సార్, చెప్పులు విడవండి, తెరుచుకుంటది. కంప్యూటర్లున్న ఆఫీసు కదా అని, అలవాటు కొద్దీ తన చెప్పులు బయట మెట్ల మీద విడిచాడు. లోపల ఎవరూ విడవలేదు. బూట్లతో తిరుగుతున్నారు. బెంచీ మీద కూర్చోబెట్టారు. పది నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాడు. ఒంటిగంటకు పట్టాభి గదిలోంచి బయటికొచ్చి, బెంచీ వైపు చూసి, వట్టి కాళ్లు చూసి, ఎవరని అడక్కుండానే భోజనానికి వెళ్లిపోయాడు. యెహెజ్కేలు బయటికొచ్చేసరికి మెట్ల మీద చెప్పుల్లేవు.

మే నెల. ఒంటిగంట. వట్టి కాళ్లతో బస్సెక్కి పదిమంది చూపుల్లో పడటానికి మనసు ఒప్పలేదు. కాచిగూడ, చాదర్‌ఘాట్, మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్. నీడ ఉన్నచోట ఆగుతూ, తారు మీద పరిగెత్తుతూ వచ్చాడు. కాళ్లకు బొబ్బలెక్కి వారం రోజులు లేవలేదు. లేచాక, ఆ ఒక్క కేసెట్టులో ఆటకు ఇంకో గది కలిపాడు. నలభై మూడోది. దీపం తీసుకుని బయటికొస్తే గడప ముంగట చెప్పులుండవు. ‘ఎవలో తీస్కపోయిండ్రు. ఎండ మండుతున్నది. ఇంటిదాంక నడువు.’ ఆట అక్కడితో అయిపోతుంది.

కొలువు మానేశాడు. తర్వాత మడిగె, పెళ్లి, కూతురు, అందరి బతుకులాగే. మళ్లీ ఒక్క వరస ప్రోగ్రాము రాయలేదు. పగ దేవుడికి వదిలేయమని పాస్టరుగారు ఏడాదికోసారైనా చెప్తారు. యెహెజ్కేలు వదిలేసే చూశాడు. దేవుడికి వేరే పనులున్నట్టున్నాయి.

మొన్న ఏప్రిల్‌లో, చంపాపేటలో వాళ్ల కిరాయి ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తింటుండగా కూతురు జోస్నా ఫోను చూసి నవ్వింది. జోస్నాకు ఇరవై ఆరు, కొత్తపేటలో రక్తపరీక్షల ల్యాబులో చేస్తుంది. “డాడీ, గిది ఇను. ఎవలో పాతకాలం ఆట మీద రాసిండ్రు. మస్తు కామెడీ ఉన్నది” అని చదవడం మొదలుపెట్టింది. గొడ్లచావిడి దగ్గరికొచ్చేసరికి యెహెజ్కేలు మిగతాది తానే అప్పజెప్పాడు. చూడకుండా, ముద్ద కలుపుతూ, కేసెట్టు దాకా.

జోస్నా నవ్వు ఆగింది.

“గా ఆట రాసింది నేనే” అన్నాడు.

రెబెక్క పెరుగు గిన్నె అక్కడే పట్టుకుని నిలబడిపోయింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకూ చెప్పలేదు. ఒకసారి ఆమె క్రిస్మస్ పాటలనుకుని ఆ కేసెట్టు వేస్తే ఇల్లంతా దయ్యం కూసినట్టు కూసింది. పాడైందిలే అని లాక్కున్నాడు, అంతే.

విషయమేమిటంటే పట్టాభికి ఇప్పుడు డెబ్బై నాలుగు. పాత సమీక్షలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నారు. వేసేది శ్రీనివాస్ అనే ఆయన, పట్టాభి శిష్యుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్తాడు. పుస్తకానికి ప్రచారంగా ఈ ఒక్క మార్కు సమీక్షను ఫోటో తీసి ఫోన్లలోకి వదిలాడు. వేలమంది నవ్వారు. మే రెండో ఆదివారం ఎల్బీనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఆవిష్కరణ, సన్మానం. పాత కంప్యూటర్లున్నవాళ్లు తెచ్చి ప్రదర్శనకు పెట్టవచ్చని కింద ఒక ఫోను నంబరు.

యెహెజ్కేలు చెయ్యి కడుక్కొచ్చి ఆ నంబరుకు ఫోను చేశాడు. రెబెక్క కంప్యూటర్స్ నుంచి ఒక పాత మిషను తెస్తానన్నాడు. తన పేరు చెప్పలేదు.

నారాయణగూడలో పోయిన చెప్పుల సంగతీ, ఇప్పుడేం చేయబోతున్నాడో కూడా ఇంట్లో దాచలేదు. నలుగురి ముందు ఆయనతో ఆ ఆట ఆడిస్తాను, తలుపు దాటలేదని ఆయన నోటితోనే చెప్పిస్తాను. ఇదొక్కటే కావాలి. పుస్తకం ఎట్లాగూ అచ్చయిపోయింది, దాన్ని ఆపలేడు. నోటి మాటైనా రాబట్టాలి.

రామమోహనరావు కేంద్రం మూతపడ్డప్పుడు తూకానికి అమ్మిన మిషన్లలో ఒకటి కొని సజ్జ మీద పెట్టుకున్నాడు. దించాడు. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాడు. టేపు రికార్డరులో రబ్బరు బెల్టు కరిగి జిగురైపోయింది. కొత్తది వేశాడు, హెడ్డు స్పిరిటు దూదితో తుడిచాడు. ఆరుసార్లు సగంలో ఆగింది. ఏడోసారి తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. గుట్ట కింద రాతి తలుపు. యెహెజ్కేలు మొదటి వరస నుంచి మళ్లీ చదివాడు.

జోస్నా ఆడతానంది. ముప్పావుగంట కూర్చుంది. తెరువు, తట్టు, తన్ను, పిలువు, మొక్కు, అన్నీ టైపు చేసింది. తలుపు ఆమె కాళ్ల దిక్కే చూసింది. చివరికి ఓడిపోయి అడిగితే చెప్పాడు. జోస్నా మెచ్చుకుంటుందనుకున్నాడు.

“చెప్పులు ఇడుసుడు ఎవలన్న రాస్తరా డాడీ?” అంది. “అది కాళ్లే ఇడుస్తయి. నోటిదాంక వస్తదా?”

యెహెజ్కేలు టేపు రికార్డరులోంచి కేసెట్టు బయటికి తీశాడు. ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. ఆమె తప్పన్నదని కాదు.

ఆదివారం పొద్దున చర్చికి రెబెక్క ఒక్కతే పోయింది. తండ్రీ కూతురూ ఆటోలో మిషను, టేపు రికార్డరు, పాత సిగ్నలును కొత్త తెరకు మార్చే చిన్న డబ్బా పెట్టుకుని ఎల్బీనగర్ చేరేసరికి పదకొండు. ఎండ అప్పుడే పుర్రెను పట్టుకుంది. హాల్లో రెండొందల మంది. వేదిక కింద, మెట్ల పక్కనే తెల్లగుడ్డ పరిచిన బల్ల ఇచ్చారు. పైన పెద్ద తెరకు తీగ కలపనిచ్చారు. సన్మానం మొదలయ్యే లోపే కేసెట్టు ఎక్కించి, తెర మాత్రం ఆపి ఉంచాడు.

పట్టాభి వచ్చాడు. తెల్ల జుట్టు, పట్టు కండువా, ముదురు గోధుమరంగు తోలు చెప్పులు. యెహెజ్కేలు ఆ ముఖం గుర్తుపట్టాడు. ఆ ముఖం ఇతన్ని గుర్తుపట్టలేదు. ముందు దీపం వెలిగించారు. దీపం ముందు చెప్పులతో నిలబడరు కదా, పట్టాభి మెట్ల దగ్గరే చెప్పులు విడిచి వేదికెక్కాడు. వెలిగించాక కూడా వేసుకోలేదు. వయసు మీద కాళ్లు వాచినట్టున్నాయి, వట్టి కాళ్లు చల్లటి గచ్చు మీద ఆనించి హాయిగా కూర్చున్నాడు.

శ్రీనివాస్ మైకు పట్టుకుని గురువుగారి కలం గురించి చెప్పి చెప్పి, అందరూ ఎదురుచూస్తున్నది ఇదే కదా అంటూ అరవై ఒకటో పేజీ తీశాడు. దయ్యాలగుట్ట. హాలు ప్రతి వాక్యానికీ నవ్వింది. కేసెట్టు దగ్గర చప్పట్లు కొట్టింది. పట్టాభి సిగ్గుపడుతున్నట్టు చెయ్యి ఊపాడు.

చప్పట్లు ఆగాక యెహెజ్కేలు లేచాడు.

“సార్, గా ఆట ఈడనే ఉన్నది. నడుస్తున్నది. మీరు జర ఒచ్చి ఆడితే అందరం సూస్తం.”

జనానికి ఇంతకంటే ఏం కావాలి. ఆడాలి, ఆడాలి అని అరిచారు. పట్టాభి నవ్వుతూ లేచి, వట్టి కాళ్లతోనే మెట్లు దిగి, బల్ల ముందు కూర్చున్నాడు. యెహెజ్కేలు తెర వేశాడు. రాతి తలుపు, గడప, తొమ్మిది జతల చెప్పులు గోడంత అక్షరాల్లో వచ్చాయి.

పట్టాభి తెరువు అన్నాడు. తలుపు ఆయన కాళ్ల దిక్కు చూసింది. తట్టు. చూసింది. తాళం తీసుకో. చూసింది. వెనక నుంచి సలహాలు మొదలయ్యాయి. పగలగొట్టండి సార్. మంత్రం చదవండి. ఎవరో కరెంటు బిల్లు కట్టలేదేమో చూడండన్నారు. నవ్వులు పెద్దవయ్యాయి. ఆ నవ్వు పట్టాభి మీద కాదు. యెహెజ్కేలుకు అది ఒళ్లంతా తెలిసింది. ముప్పై ఆరేళ్ల కింద క్లాసులో విన్న నవ్వే. రెండొందల మంది, అందరూ తెలుగువాళ్లు, అందరూ గడప గడపకూ చెప్పులు విడిచేవాళ్లు, ఒక్కరికి తట్టలేదు. కాళ్లే ఇడుస్తయి. జోస్నా తల వంచుకుని కూర్చుంది.

పట్టాభి కుర్చీ వెనక్కి తిప్పి జనం వైపు చూశాడు. “చూశారుగా. ముప్పై ఆరేళ్ళయినా ఆ తలుపు తీరు మారలేదు. నేనే తొందరపడి ఒక మార్కు ఎక్కువేశాను.”

హాలు కూలిపోయేటంత నవ్వు.

యెహెజ్కేలు మెట్ల దగ్గరికి నడిచాడు. వంగి, పట్టాభి తోలు చెప్పులు రెండూ రెండు చేతుల్తో తీశాడు. తెచ్చి, తెల్లగుడ్డ మీద, కీబోర్డు పక్కన, పట్టాభి ముఖానికి ఎదురుగా పెట్టాడు.

నవ్వు కత్తిరించినట్టు ఆగింది. సన్మానం చేయించుకునే పెద్దమనిషి ముందు బల్ల మీద చెప్పులు. కొట్టినా అంత కాదు. శ్రీనివాస్ వేదిక మీంచి ఒక్క దూకులో వచ్చి యెహెజ్కేలు కాలరు పట్టుకున్నాడు. కొట్టండిరా అని ఎవరో అన్నారు. జోస్నా మధ్యలో దూరింది. యెహెజ్కేలు కదల్లేదు, కాలరు విడిపించుకోలేదు. పట్టాభినే చూస్తున్నాడు.

పట్టాభి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. చెప్పుల్ని చూశాడు. బల్ల కింద తన వట్టి కాళ్లు చూసుకున్నాడు. తల ఎత్తి గోడ మీద తొమ్మిది జతల మాట చదివాడు.

“ఆగండి” అన్నాడు. “వదిలెయ్ శ్రీనివాస్.”

రెండు మాటలు టైపు చేశాడు. చెప్పులు విడువు.

‘తలుపు తెరుచుకున్నది. లోపట దీపం ఉన్నది. రా.’

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యెహెజ్కేలు మైకు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“నేను యెహెజ్కేలును సార్. గొడ్లచావిడి తెలుగోన్ని. నా ఆట మీరు ఎంతసేపు ఆడిండ్రు ఆనాడు?”

పట్టాభి అబద్ధం చెప్పవచ్చు. ఎవరు చూశారు? కానీ రెండొందల మంది కళ్ల ముందు ఆ తలుపు తెరిచి ఉంది.

“పది నిమిషాలు ఉంటుందేమో” అన్నాడు. “లోపలికి వెళ్ళలేదు. అసలు లోపల ఉందనుకోలేదు.” మైకులో ఆ మాట హాలు చివరి దాకా పోయింది. అంటూనే ఆయన చేతులు మళ్లీ కీబోర్డు మీదికి పోయాయి. డెబ్బై నాలుగేళ్ల మనిషి ముఖంలో పిల్లవాడి ఆత్రం. లోపలికి పో అని టైపు చేయబోయాడు.

యెహెజ్కేలు ప్లగ్గు పీకేశాడు.

గోడ మీద అక్షరాలు పోయాయి. పాత మిషనులో పీకితే అంతే, గుర్తుండదు, మళ్లీ ఆరు నిమిషాలు ఎక్కించాలి. “మీరు సమీక్ష రాసేటోళ్లు గద సార్” అన్నాడు. “లోపట ఏమున్నదో సూడకుండనే రాస్తరు. రాయుండ్రి.”

తీగలు చుట్టాడు, మిషను సంచిలో పెట్టాడు. బల్ల మీద చెప్పులు కూడా అదే సంచిలో వేశాడు. జోస్నా చూడలేదు, పట్టాభి చూశాడు, ఆపలేదు. బయట పన్నెండున్నర ఎండ తెల్లగా కాస్తోంది.

తర్వాతి కథ ఫోన్లలోనే వచ్చింది. ముసలాయన వేరే వాళ్ల చెప్పులు వేసుకోనన్నాడట. కారు రోడ్డుకు అవతల, మెట్రో స్తంభాల కింద ఉంది. మండే తారు మీద కండువాతో, వట్టి కాళ్లతో రోడ్డు దాటాడట. బొబ్బలెక్కి దవాఖానకు తీసుకుపోయారట. జోస్నా ఇదంతా చదివి వినిపించింది. ఈసారి నవ్వలేదు. యెహెజ్కేలు విని, సోల్డరింగు తుపాకీ మొన తుడుచుకున్నాడు. నారాయణగూడ నుంచి దిల్‌సుఖ్‌నగర్ ఎంత దూరమో, ఒక రోడ్డు అడ్డంగా దాటడం ఎంత దూరమో లెక్క వేశాడు. ఇంకా చాలా బాకీ ఉందనిపించింది.

సంచిలో చెప్పులు రెబెక్కకు దొరికాయి.

“జోస్నా డాడీ, నువ్వు గిట్ల జేస్తవనుకోలే” అంది. “నీ చెప్పులు ఆయన ఎత్కపోయిండా?”

“ఆయన ఎత్కపోలే. నన్ను సూసి కూడ నా ముంగటికెళ్లే పోయిండు.”

“పోతే? ముసలి కాళ్లు కాల్తే నీ కాళ్లు సల్లవడ్డయా?”

ఆమె వాటిని పారేయలేదు, లోపలా పెట్టనివ్వలేదు. గుమ్మం బయట, ఇంట్లో ముగ్గురి చెప్పుల పక్కన నాలుగో జతగా పెట్టింది. పొద్దున పోతూ సాయంత్రం వస్తూ యెహెజ్కేలు వాటి పక్కనుంచి అడుగేయాల్సి వచ్చింది. ఐదో రోజు కవర్లో చుట్టి మడిగెకు తెచ్చుకున్నాడు.

ఎనిమిదో రోజు పట్టాభి వచ్చాడు. కాళ్లకు పలచటి బట్ట కట్టు, పైన రబ్బరు చెప్పులు. మడిగె మెట్టు దగ్గర ఆగి, రబ్బరు చెప్పులు విడిచి, కౌంటరు దాకా వచ్చాడు. ఆ రోజు జోస్నాకు సెలవు. లోపల మిషను ముందు కూర్చుని ఉంది.

పట్టాభి జేబులోంచి ఒక చీటీ తీసి కౌంటరు మీద పెట్టాడు. పుస్తకం ప్రతి కాపీలో, అరవై ఒకటో పేజీ మీద అంటించడానికి మూడొందలు అచ్చు వేయించానన్నాడు. అందులో ఇలా ఉంది: ‘ఈ సమీక్షకుడు ఆటలోకి వెళ్ళకుండా గడప బయటే నిలబడి రాశాడు. మార్కు చెల్లదు. భాష గురించి రాసిన మాటకు సిగ్గుపడుతున్నాడు.’

యెహెజ్కేలు రెండుసార్లు చదివాడు. కావాలనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. దాన్ని మడిచి, ఖాళీ సీసా ఒకటి తీసి, అందులో వేసి మూత పెట్టాడు. కవరు తీసి చెప్పులు కౌంటరు మీద పెట్టాడు.

“నేను మీ నారాయణగూడ ఆఫీసుకు ఒచ్చిన సార్. పది నుంచి ఒంటిగంట దాంక బెంచి మీద కూసున్న. యాదికున్నదా?”

పట్టాభి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

“చాలామంది వచ్చేవారయ్యా” అన్నాడు మెల్లగా. “గుర్తు లేదు.”

యెహెజ్కేలు తలూపాడు. మూత పెట్టిన సీసా వైపు ఒకసారి చూశాడు.

పట్టాభి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు గానీ కదల్లేదు. “లోపల ఏముందయ్యా?” అన్నాడు. “నిద్ర పట్టట్లేదు. ఒక్కసారి ఆడనివ్వు. దాని మీద రాయను, ఎవరికీ చెప్పను. ఊరికే చూస్తాను.”

“ఆఖరి గదిల మీరు నడిచేసిండ్రు సార్. ఎల్బీనగర్‌ల, ఎండల” అన్నాడు యెహెజ్కేలు. “కడమ నలభై రెండు నేను మీకు సూపియ్య.”

తిరిగి కూతురితో, ఎక్కించు బిడ్డా అన్నాడు. జోస్నా తండ్రిని చూసింది, ముసలాయన్ని చూసింది, మళ్లీ తండ్రిని చూసింది. టేపు మీట నొక్కింది. కీచుమనే చప్పుడు మడిగె అంతా నిండింది. టీవీ వీపు వీధి వైపు ఉంది. గల్లీలోంచి చూసేవాడికి తెర కనపడదు, దాని వెలుగు జోస్నా ముఖం మీద పడటం మాత్రం కనపడుతుంది.

పట్టాభి మెట్టు దిగాడు. రబ్బరు చెప్పులు కాళ్లకు వేసుకుని, తోలు చెప్పులు చేతిలో పట్టుకుని, కేసెట్టు కూత ఆగేదాకా, ఆరు నిమిషాలూ ఎండలో అక్కడే నిలబడ్డాడు. తర్వాత చప్పుడు ఆగి, లోపల జోస్నా టైపు చేయడం వినపడింది. రెండు మాటలు. ఇంకాసేపటికి, పాము ఏం అన్నదో చదివి ఆమె చిన్నగా నవ్వింది.

యెహెజ్కేలు తల ఎత్తలేదు. చెడిన ప్రింటరు ఒకటి ముందుకు లాక్కుని, మొదటి మర విప్పాడు.